ఆట దగ్గరే విడిపోతున్న పిల్లలు

జూన్ రెండో వారంలో ఉదయం ఎనిమిది గంటల వేళ డోన్ పట్టణంలో నిలబడి చూస్తే, మన సమాజం తన పిల్లలను ఏ వయసులో వేరుచేస్తుందో పుస్తకాలు తిరగేయకుండానే తెలుస్తుంది. చుట్టుపక్కల గ్రామాల నుంచి బడి వ్యాన్లు, ఆటోలు ఒకదాని వెంట ఒకటి పట్టణంలోకి వస్తుంటాయి. వాటిలో టై కట్టుకుని, మెడలో గుర్తింపు కార్డు వేసుకున్న మూడేళ్ళ, నాలుగేళ్ళ పిల్లలుంటారు. ఆ వ్యాన్లు బయలుదేరిన గ్రామాల్లోనే, ఇంకాస్త పొద్దెక్కాక, మరికొందరు పిల్లలు అవ్వ చెయ్యి పట్టుకునో, అక్క చంకనెక్కో అంగన్‌వాడీకి చేరుతారు. వ్యానెక్కిన పిల్లల్లో అన్ని కులాలవారూ ఉండవచ్చు. అప్పుచేసి ఫీజు కట్టే దళిత తల్లిదండ్రులూ తక్కువేమీ లేరు. కానీ అంగన్‌వాడీలో మిగిలినవారి జాబితా తీస్తే ఆ పిల్లలు ఏ గేరివారో, ఏ తండావారో ఊళ్ళో ఎవరిని అడిగినా చెబుతారు.

ఇటీవలి కాలంలో ఆంధ్రప్రదేశ్‌లో కులం మీద జరిగిన చర్చ ప్రధానంగా వాటాల చుట్టూ తిరిగింది. 2024 ఆగస్టు 1న దవీందర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఎస్సీల ఉపవర్గీకరణకు దారి తెరిచింది. 2025లో మన రాష్ట్రం ఎస్సీ కులాలను మూడు సమూహాలుగా చేసి 15 శాతాన్ని 1, 6.5, 7.5 శాతాలుగా పంచింది. అదే ఏడాది ఏప్రిల్ 30న జనగణనలో కులాన్ని నమోదు చేయడానికి కేంద్ర మంత్రివర్గం అంగీకరించింది. దశాబ్దాల పోరాటం వల్ల వచ్చిన నిర్ణయాలివి. వీటి విలువను తక్కువ చేయవలసిన పని లేదు. అయితే ఈ వాటాలు ఒక మనిషి చేతికందేది కళాశాల గుమ్మం దగ్గర, ఉద్యోగ ప్రకటన దగ్గర. ఆ మనిషి దారి పక్కవాడి దారి నుంచి విడిపోయింది మూడో ఏట. మధ్యనున్న పదిహేనేళ్ళ గురించి కొంత మాట్లాడుతున్నాం. మొదటి మూడేళ్ళ గురించి, అంటే మూడు నుంచి ఆరేళ్ళ వయసు గురించి, కులప్రశ్నను పట్టించుకునే మనం కూడా దాదాపు మాట్లాడడం లేదు. అది ఆడవాళ్ళ వ్యవహారమనో, పోషకాహార శాఖ వ్యవహారమనో వదిలేశాం.

ఆ వయసు పిల్లల చదువు ఆటే. ఈ మాట 2020 జాతీయ విద్యావిధానంలో ఉంది, 2022 అక్టోబరులో వెలువడిన పునాది దశ పాఠ్యప్రణాళిక చట్రంలోనూ ఉంది. కాబట్టి ఇది వివాదాస్పదమైన సిద్ధాంతమేమీ కాదు. కానీ ఆట చదువెలా అవుతుందో తల్లిదండ్రులకు ఎవరూ విడమరిచి చెప్పలేదు. బేతంచెర్ల వైపు నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీల పక్కన పెరిగే పిల్లలను గమనించండి. పారేసిన రాతిముక్కల్లో పొడవాటిది బస్సవుతుంది, చిన్నవి ప్రయాణికులవుతాయి, ఇంకొకటి కండక్టరవుతుంది. ఒక వస్తువు తనలా కాకుండా మరొకదానికి బదులుగా నిలబడగలదని ఆ పిల్లవాడు కనుక్కున్నాడు. పలకమీద గీసిన ఒక వంకర గీత 'అ' అనే ధ్వనికి బదులుగా నిలబడుతుందని రేపు గ్రహించడానికి కావలసిన శక్తి ఇదే. అచ్చనగండ్లలో లెక్క ఉంది, వామనగుంటల్లో పంపకం ఉంది. గుజ్జనగూళ్ళ ఆటలో ఎవరు అమ్మ, ఎవరు చుట్టం, ఎవరు అంగడివాడు అనే విషయం మీద పిల్లలు చేసే బేరసారాల్లో ఉన్నంత భాష మన ఎల్‌కేజీ పుస్తకాల్లో ఎక్కడా లేదు.

ఆటకు మరో గుణముంది. కులం గురించి రాసేవారు దాన్ని తగినంతగా పట్టించుకోలేదని నా అభిప్రాయం. మన ఊరి ఆటలు ఎక్కువ భాగం ముట్టుకునే ఆటలు. ఒప్పులకుప్ప తిరగాలంటే ఎదుటివారి చేతులు గట్టిగా పట్టుకోవాలి, వదిలితే ఇద్దరూ పడతారు. దాగుడుమూతల్లో కళ్ళు మూసేది ఇంకొకరి అరచేయి. తరిమి అంటుకునే ఆటల్లో ముట్టుకోవడమే నియమం. కులవ్యవస్థ నియమం ముట్టుకోకపోవడం. ఈ రెండు నియమాలూ ఒకే పిల్లవాడి మీద ఒకే వయసులో పనిచేస్తాయి. ఇంట్లో ఒకటి నేర్పుతారు, వీధిలో మరొకటి నేర్చుకుంటాడు. వీధిలోని ఆట బలంగా ఉంటే ఇంటి నియమం కొంతైనా సడలుతుంది. ఇదేదో ఆటలతో కులం పోతుందన్న అమాయకత్వంతో అంటున్న మాట కాదు. పిల్లలు కులాన్ని కూడా ఆటలోకి తెస్తారు. ఎవరిని చేర్చుకోవాలో, ఎవరికి ఎప్పుడూ దొంగ పాత్రే ఇవ్వాలో వారికి తెలుసు. అక్కడ ఒక పెద్దమనిషి, శిక్షణ పొందిన ఒక ఉపాధ్యాయురాలు, ఉండవలసిన అవసరం అందుకే. వారిని అసలు కలవనీయకుండా మూడో ఏటనే రెండు వాహనాలెక్కిస్తే ఆ అవకాశం కూడా మిగలదు.

అంగన్‌వాడీ అనే మాట పుట్టుకలోనే ఈ సమస్య ఉందని మన విద్యార్థుల్లో చాలామందికి తెలియదు. గిజూభాయి బధేకా 1920లో భావనగర్‌లో బాలమందిరం స్థాపించాడు. ఆయన దగ్గర పనిచేసిన తారాబాయి మోడక్ 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డీ అనే గ్రామంలో బాల్వాడీ తెరిచారు. ఊరి పిల్లలు వచ్చారు, అంటరాని కులాల పిల్లలు, ఆదివాసీ పిల్లలు రాలేదు. రాలేదంటే రానిచ్చే పరిస్థితి లేదు. వారు బడికి రాకపోతే బడే వారి దగ్గరికి వెళ్ళాలని ఆమె బోధన సామగ్రిని తీసుకుని వారి వాడలోని ఇళ్ళ ముందరి అంగణానికి వెళ్ళింది. అలా ఆ పేరు వచ్చింది. తర్వాత కోస్‌బాడ్ కొండమీద వార్లీ పిల్లల మధ్య అనూతాయి వాఘ్‌తో కలిసి ఆమె చేసిన పనిలో ఆకులు, గింజలు, గవ్వలు, రాళ్ళే బోధన సామగ్రి. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకాన్ని 33 ప్రాజెక్టులతో మొదలుపెట్టినప్పుడు ప్రభుత్వం ఆ పేరును తీసుకుంది. ఆ పేరు ఏ ప్రశ్నకు సమాధానంగా పుట్టిందో ఆ ప్రశ్నను మాత్రం తీసుకోలేదు.

మాంటిస్సోరి కథ దీనికి తిరగేసిన కథ. 1907 జనవరిలో మరియా మాంటిస్సోరి తన మొదటి బాలగృహాన్ని తెరిచింది రోమ్ నగరంలోని సాన్ లోరెంజో అనే కార్మికవాడలో, తల్లిదండ్రులు పనికి పోతే మెట్లమీద తిరుగుతూ గోడలు పాడుచేస్తున్న పిల్లల కోసం. 1939లో ఆమె మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం కారణంగా 1946 వరకు ఈ దేశంలోనే ఉండి, వందలమంది ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. నాడు కర్నూలు జిల్లా కూడా మద్రాసు రాష్ట్రంలో భాగమే. ఇవాళ మన పట్టణాల్లో ఆమె పేరు ఏ బోర్డుల మీద కనిపిస్తుందో, ఆ బోర్డు వెనక గదుల్లో నలభై మంది పసిపిల్లలు బల్లల మీద కూర్చుని ఏం వల్లె వేస్తున్నారో అందరికీ తెలుసు. కార్మికుల పిల్లల కోసం పుట్టిన పద్ధతి పేరు ఫీజుల పట్టికకు అలంకారమైంది, పద్ధతి మాత్రం రాలేదు.

కనుక వ్యానెక్కిన పిల్లవాడికి మంచి చదువు దొరుకుతోందనీ, అంగన్‌వాడీలో మిగిలినవాడికి దొరకడం లేదనీ అనుకోవడం పొరపాటు. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, రాజస్థాన్, అస్సాంలలో దాదాపు 14 వేలమంది పిల్లలను నాలుగో ఏట నుంచి ఎనిమిదో ఏట వరకు అనుసరించిన పరిశోధన ఒకటుంది. ఢిల్లీ అంబేద్కర్ విశ్వవిద్యాలయం, అసర్ సంస్థ, యూనిసెఫ్ కలిసి చేసిన ఆ అధ్యయనం 2017లో వెలువడింది. అంగన్‌వాడీల్లో పూర్వప్రాథమిక విద్య నామమాత్రంగా ఉందనీ, ప్రైవేటు నర్సరీల్లో వయసుకు తగని అక్షరాల, అంకెల వల్లింపు తప్ప ఆట లేదనీ అది చూపింది. ఒకచోట చదువు లేదు, మరోచోట ఆట లేదు. అయితే ఈ నష్టం ఇద్దరికీ సమానం కాదు. చదువుకున్న ఇంటి పిల్లవాడికి సాయంత్రం రంగులు, బొమ్మల పుస్తకాలు, కథ చెప్పే నాయనమ్మ, కాస్త తీరిక ఉన్న తల్లి ఉంటారు. బండలు మోసి వచ్చిన తల్లికి ఆ తీరిక లేదు. ఆ ఇంటి ఐదేళ్ళ ఆడపిల్ల చంకలో అప్పటికే ఒక తమ్ముడు ఉంటాడు. ఆమె ఆడే అమ్మ ఆటలో బొమ్మ నిజమైనది. 2019 నాటి అసర్ నివేదిక ప్రకారం నాలుగైదేళ్ళ వయసులో ప్రభుత్వ కేంద్రాల్లో, బడుల్లో ఉన్న ఆడపిల్లలు 56.8 శాతం, మగపిల్లలు 50.4 శాతం. ఒకే ఇంట్లో ఎవరిని వ్యానెక్కించాలో తేల్చేటప్పుడు ఎవరు మిగిలిపోతున్నారో ఈ అంకె చెబుతుంది.

ఈ వయసు పిల్లలకు హక్కు లేకుండా పోవడం యాదృచ్ఛికం కాదు. అందులో ఒక చట్టచరిత్ర ఉంది, ఆ చరిత్రలో మన రాష్ట్రం పేరు కూడా ఉంది. రాజ్యాంగంలోని పాత 45వ అధికరణం పద్నాలుగేళ్ళు నిండేవరకు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అని చెప్పింది. దానికి కింది వయోపరిమితి లేదు. 1993లో ఉన్నికృష్ణన్, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ళ వరకు విద్య ప్రాథమిక హక్కు అని తీర్పు ఇచ్చింది. ఆ తీర్పులోనూ ఆరేళ్ళు అన్న గీత లేదు. 2002లో వచ్చిన 86వ సవరణ హక్కును రాజ్యాంగంలో రాసింది, రాస్తూనే దాన్ని ఆరు నుంచి పద్నాలుగేళ్ళకు కుదించింది. ఆరేళ్ళలోపు పిల్లలను 'ప్రయత్నిస్తుంది' అనే మాట ఉన్న ఆదేశిక సూత్రాల్లోకి పంపింది. 2009 విద్యాహక్కు చట్టం సెక్షన్ 11 కూడా ప్రభుత్వం ఏర్పాట్లు చేయవచ్చు అంటుంది, చేయాలి అనదు. కోర్టు ఇచ్చిన హక్కును రాజ్యాంగ సవరణతో తగ్గించి, దాన్నే హక్కు ప్రసాదించినట్టు వేడుక చేసుకున్న సందర్భాలు మన చరిత్రలో ఎక్కువ లేవు.

అదే చట్టంలో మన విద్యార్థి సంఘాలు చదవవలసిన మరొక నిబంధన ఉంది. సెక్షన్ 12 ప్రైవేటు బడులు 25 శాతం సీట్లు బలహీన వర్గాల పిల్లలకు ఇవ్వాలంటుంది. ఆ బడిలో పూర్వప్రాథమిక తరగతులుంటే ఈ నియమం అక్కడి ప్రవేశాలకు కూడా వర్తిస్తుందని ఆ సెక్షన్‌లోనే స్పష్టంగా రాసి ఉంది. పొరుగున ఉన్న తమిళనాడులో ఎల్‌కేజీ దశలోనే ఈ ప్రవేశాలు జరిపారు. ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చిన పన్నెండేళ్ళకు, 2022-23లో అమలు మొదలైంది, అది కూడా ఒకటో తరగతి నుంచే. ఎస్సీలకు 10, ఎస్టీలకు 4 శాతం అని కేటాయింపులు రాసుకున్నారు. అప్పటికి ఆ గదిలోని మిగతా పిల్లలు మూడేళ్ళుగా కలిసి ఆడుకుని, ఒకరి టిఫిన్ ఒకరు తిని, ఆంగ్లంలో నాలుగు మాటలు పోగేసుకుని ఉంటారు. ఆరో ఏట కొత్తగా వచ్చిన పిల్ల ఉచిత సీటు పిల్లగా అందరికీ తెలిసిపోతుంది. రిజర్వేషన్‌ను ఆలస్యంగా ఇవ్వడం కూడా దాన్ని బలహీనపరిచే పద్ధతే.

కులం తెలిసిపోతే పిల్లలకు ఏమవుతుందో కొలిచిన ప్రయోగం ఒకటి ఈ సందర్భంలో చెప్పుకోవాలి. కార్లా హాఫ్, ప్రియాంక పాండే అనే ఆర్థికవేత్తలు ఉత్తరప్రదేశ్‌లో 321 మంది అగ్రకుల, 321 మంది నిమ్నకుల బడిపిల్లలకు చిక్కుదారుల ఆట ఇచ్చారు. కాగితం మీది దారుల్లో గీత గీస్తూ బయటపడాలి, ఎన్ని దారులు విప్పితే అంత డబ్బు. కులం ప్రస్తావన లేకుండా ఆడినప్పుడు రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ప్రతి పిల్లవాడి పేరుతోపాటు కులాన్నీ అందరి ముందు ప్రకటించి ఆడించినప్పుడు నిమ్నకుల పిల్లల ఫలితం బాగా పడిపోయింది. అదే మెదడు, అదే పెన్సిలు, అదే ఆట. వారు పదకొండు, పన్నెండేళ్ళ పిల్లలు. ఆ కుంగుబాటును ఏ వయసు నుంచి నేర్చుకుంటూ వచ్చారో ఆ ప్రయోగం చెప్పదు. మూడేళ్ళ నుంచి వేర్వేరు గదుల్లో పెరిగినవారికి ఆ పాఠం చాలా త్వరగా అంది ఉంటుందని ఊహించడం కష్టం కాదు.

ఇక మట్టి సంగతి. పూర్వప్రాథమిక విద్య మీద ఏ పుస్తకం తెరిచినా పిల్లల చేత మట్టితో, ఇసుకతో, ఆకులతో, వెదురుతో ఏదో ఒకటి చేయించమని ఉంటుంది. సృజనకు చేతులు మూలమని అందులోని ఆలోచన. అది సరైనదే. కానీ ఇక్కడ మట్టికి, తోలుకు, వెదురుకు, రాయికి కులాలున్నాయి. కులం శ్రమను మాత్రమే కాకుండా శ్రామికులనే విభజించిందని అంబేద్కర్ 1936లో చెప్పిన మాట ఒక అంగన్‌వాడీ గదిలో ఎలా పనిచేస్తుందో చూడండి. డోన్ చుట్టుపక్కల తల్లులను మీ పిల్లవాడిని అంగన్‌వాడీకి ఎందుకు పంపడం లేదంటే, "ఆడ యేం సదువు సార్, గుడ్డు పెట్టి ఆడిచ్చి పంపిస్తారు" అంటారు. విద్యావేత్తలు దీన్ని అజ్ఞానమని కొట్టిపారేస్తారు. అది అజ్ఞానం కాదు. తరతరాలుగా మట్టి పిసికి, బండలు కొట్టి, చర్మాలు శుభ్రం చేసిన చేతుల నుంచి పిల్లలను తప్పించడానికే వారు బడికి పంపుతున్నారు. అక్కడా మట్టే పిసకమంటే మోసపోయామనిపిస్తుంది. పలక, బలపం, ఏబీసీడీలు వారికి ఆ చేతిపని నుంచి విడుదలకు గుర్తు.

ఆ అనుమానానికి చారిత్రక ఆధారం కూడా ఉంది. 1953 జూన్‌లో మద్రాసు ముఖ్యమంత్రి రాజగోపాలాచారి గ్రామీణ ప్రాథమిక బడుల్లో చదువును రోజుకు మూడు గంటలకు తగ్గించి, మిగతా పూట పిల్లలు ఇంటి దగ్గర తండ్రి వృత్తి నేర్చుకోవాలన్నాడు. అది కులవిద్య అని పెరియార్ ఉద్యమించాడు, 1954లో కామరాజ్ దాన్ని రద్దుచేశాడు. ఆ పథకం మొదలైన నాటికి కర్నూలు జిల్లా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు దాని రాజధాని అయింది. కుమ్మరి పిల్లవాడిని కుమ్మరి సారె దగ్గరికి పంపడం, అన్ని కులాల పిల్లల చేతుల్లోనూ మట్టిముద్ద పెట్టడం పైకి ఒకేలా కనిపించవచ్చు. మొదటిది కులాన్ని నిలబెడుతుంది. రెండోది నిజంగా జరిగితే, అంటే మట్టి తాకవలసిన అవసరం ఏనాడూ రాని ఇళ్ళ పిల్లలు కూడా అదే గదిలో అదే మట్టిని పిసికితే, కులం ఆ చోట కొంత వదులవుతుంది. ఇప్పుడు జరుగుతున్నది ఈ రెండూ కాదు. పేదకులాల పిల్లలు మాత్రమే మిగిలిన గదిలో మట్టి ఆట పెట్టి దాన్ని ప్రగతిశీల విద్య అంటున్నాం.

కంచ ఐలయ్య 2007లో పిల్లల కోసం రాసిన పుస్తకం కుమ్మరి, మంగలి, చాకలి, మాదిగ, రైతు పనుల్లో ఉన్న విజ్ఞానాన్ని పాఠంగా మార్చే ప్రయత్నం చేసింది. గౌరవించవలసిన పని అది. మన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం మాత్రం శిశువికాసాన్ని వివరించడానికి తైత్తిరీయోపనిషత్తులోని పంచకోశాలను ఆశ్రయించింది. ఆ చట్రంలో మంచి విషయాలు చాలా ఉన్నాయి. ఆటను, కథను, ఇంటిభాషను అది గట్టిగా సమర్థించింది. కానీ నిప్పుతో, నీటితో, తోలుతో వేల ఏళ్ళు ప్రయోగాలు చేసిన సమూహాలున్న దేశంలో పిల్లల ఎదుగుదలకు సిద్ధాంతం వెతికేటప్పుడు ఉపనిషత్తు ఒక్కటే గుర్తుకు రావడం ఆశ్చర్యం కలిగించదు. ఎవరు రాస్తే వారి ఇంటి పుస్తకాలే గుర్తుకొస్తాయి.

డోన్‌కు పాత పేరు ద్రోణాచలం. ద్రోణుడితో ముడిపెట్టే స్థలకథ ఇక్కడ ప్రచారంలో ఉంది. అతను కౌరవ పాండవులకు గురువైన సందర్భం మహాభారతంలో ఒక ఆటే: రాజకుమారుల ఆటవస్తువు బావిలో పడితే గడ్డిపోచలతో పైకి తీసి వారిని ఆశ్చర్యపరిచాడు. ఏకలవ్యుడి సందర్భం కూడా ఒక రకంగా ఆటే. గురువు లేనివాడు మట్టితో గురువును చేసుకుని, దాని ముందు తనంతట తాను నేర్చుకున్నాడు. బోధన సామగ్రిని స్వయంగా తయారుచేసుకున్న విద్యార్థి ఇంతకంటే మంచి ఉదాహరణ ఏ శిక్షణ కరదీపికలోనూ దొరకడు. రాజకుమారుల ఆట వారికి గురువును తెచ్చింది. నిషాదుడి మట్టిబొమ్మకు బదులుగా బొటనవేలు పోయింది. మన తరగతుల్లో ఈ కథను గురుభక్తికి ఉదాహరణగా ఇంకా చెబుతున్నాం.

ఇదంతా ఎవరి చేత జరిపించాలని ప్రభుత్వం అనుకుంటోంది? రాష్ట్రంలో 55 వేలకు పైగా అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. కార్యకర్తకు నెలకు 11,500, ఆయాకు 7,000 రూపాయల గౌరవ వేతనం పెంచమని వారు 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు సమ్మె చేశారు. మధ్యలో ప్రభుత్వం వారిమీద అత్యవసర సేవల చట్టం ప్రయోగించింది. జీతం దగ్గర స్వచ్ఛంద సేవకులు, సమ్మె దగ్గర అత్యవసర ఉద్యోగులు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వీరు గ్రాట్యుటీకి అర్హులని చెబుతూ, చేస్తున్నది పూర్తికాలపు పని అని గుర్తించింది. ఆ పనిలో ఇప్పుడు పెద్ద భాగం ఫోను మీద సాగుతోంది. పోషణ్ ట్రాకర్‌లో బరువులు, ఎత్తులు, హాజరు. 2025 జూలై నుంచి ఇంటికిచ్చే సరుకులకు లబ్ధిదారు ముఖాన్ని కెమెరా గుర్తించాలి. సిగ్నలు అందని తండాలో ఒక బాలింత ముఖాన్ని ఫోను గుర్తించేవరకు కార్యకర్త గుమ్మం దగ్గరే నిలబడితే, లోపల పదిహేనుమంది పిల్లలు ఏమి ఆడుతున్నారో చూసేది ఎవరు? పిల్లల ఎత్తు ఎంత పెరిగిందో రాజధానిలో తెరమీద కనిపిస్తుంది. ఒక పిల్ల నిన్నటికంటే ఇవాళ పొడవైన కథ చెప్పిందన్న సంగతికి ఆ తెరమీద గడి లేదు.

ఆటకు ఖర్చు అవుతుందని ఒప్పుకోవడం నుంచి మొదలుపెట్టాలి. అమెరికాలో 1962 నుంచి 1967 వరకు యిప్సిలాంటి పట్టణంలో 123 మంది పేద నల్లజాతి పిల్లలతో నడిచిన పెర్రీ ప్రయోగం ఈ రంగంలో అందరూ ఉదహరించేది. అక్కడి బోధనలో పిల్లవాడు ఏం ఆడాలో తానే అనుకుంటాడు, ఆడతాడు, ఆడినదాన్ని చెబుతాడు. వారి తెలివితేటల పరీక్ష అంకెల్లో వచ్చిన పెరుగుదల కొన్నేళ్ళకే కరిగిపోయింది. కానీ ఆ బడిలో చదివినవారు నలభయ్యో ఏట కూడా చదువులో, సంపాదనలో, చదవని సమూహం కంటే మెరుగ్గా ఉన్నారు. మనవాళ్ళు ఆ ఫలితాన్ని చెబుతారు గానీ, అక్కడ పనిచేసినవారు ప్రభుత్వ బడి ఉపాధ్యాయుల స్థాయి అర్హత, జీతం ఉన్నవారనీ, ఒక్కొక్కరి చేతికింద అయిదారుగురు పిల్లలే ఉన్నారనీ చెప్పరు.

కేంద్రం ఎక్కడ ఉండాలన్నది మరో చిక్కు. సుప్రీంకోర్టు 2004, 2006 సంవత్సరాల్లో ఆహారహక్కు కేసులో ఇచ్చిన ఆదేశాలు ఎస్సీ, ఎస్టీ ఆవాసాల్లో అంగన్‌వాడీలకు ప్రాధాన్యం ఇవ్వాలన్నాయి. అవి లేకపోతే గేరిలోని పసిపిల్ల ఊళ్ళోని కేంద్రానికి వెళ్ళి గుమ్మం బయట కూర్చోవలసి వచ్చేది. ఆ ఆదేశం న్యాయమైనది. కానీ దాని వెనుకే మరొకటి జరిగింది: ఎస్సీ కాలనీలో ఉన్న కేంద్రానికి ఊరి పిల్లలు రారు. తారాబాయి ఎనభై ఏళ్ళ క్రితం వాడలోకి వెళ్ళడం తాత్కాలిక పరిష్కారం. మనం దాన్ని శాశ్వతం చేశాం. కాలనీలో ఉన్న కేంద్రాన్నే ఊళ్ళో అన్నిటికంటే మంచి భవనం, మంచి ఆటస్థలం, ఇంగ్లీషు మాటలు కూడా నేర్పగల ఉపాధ్యాయురాలు ఉన్న కేంద్రంగా చేస్తే ఊరే అక్కడికి వస్తుందా అన్న ప్రయోగం ఈ రాష్ట్రం ఇంతవరకు చేయలేదు. ఇంగ్లీషు మాట ఉద్దేశపూర్వకంగానే అంటున్నాను. దళిత బహుజన తల్లిదండ్రులు అడుగుతున్నదాన్ని ఎగతాళి చేసి ఆట గొప్పతనం బోధిస్తే వారు వినరు, వినవలసిన అవసరమూ లేదు. పాటలో, ఆటలో నాలుగేళ్ళ పిల్లకు రెండో భాష పరిచయం చేయడం కష్టమేమీ కాదు. సుగాలీ తండా పిల్లకైతే తెలుగే రెండో భాష. ఆమె బొమ్మలతో మాట్లాడేది గోర్‌బోలిలో. ఆ భాష వచ్చిన మనిషి కేంద్రంలో ఉంటేనే ఆమె ఆట నోరు విప్పుతుంది.

కేంద్రం ఎంత బాగున్నా ఏడాదిలో కొన్ని నెలలు అక్కడ పిల్లలు ఉండరన్న సంగతి డోన్, ప్యాపిలి, పత్తికొండ ప్రాంతాలు తెలిసినవారికి చెప్పనక్కరలేదు. సంక్రాంతి దాటాక సుగ్గికి పోయే కుటుంబాలు మూటలు కట్టుకుని గుంటూరు వైపు మిరప కోతలకు బయలుదేరతాయి. బడి వయసు పిల్లలకు సీజనల్ హాస్టళ్ళు ఉన్నాయి. మూడేళ్ళ, నాలుగేళ్ళ పిల్లలను హాస్టల్లో పెట్టలేరు, పెట్టకూడదు కూడా. వారు తల్లితోపాటే రైలెక్కుతారు. పోషణ్ ట్రాకర్‌లో వారి పేరును ఒక కేంద్రం నుంచి మరో కేంద్రానికి మార్చుకునే వీలుంది. మిరప కల్లం నుంచి ఆ మరో కేంద్రం ఎంత దూరమో ట్రాకర్‌కు తెలియదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురు పనిస్థలానికి వస్తే వారిని చూసుకోవడానికి ఒక మహిళను నియమించాలన్న ఏర్పాటు రాసుకుంది. మిరపచేలకు అటువంటి నియమం లేదు. అంగన్‌వాడీలకు శిశుగృహాలను జోడించే 'పాల్నా' పథకం 2022 నుంచి ఉంది. వలస ఏ మండలం నుంచి, ఏ నెలలో, ఏ ఊళ్ళకు సాగుతుందో రెండు వైపుల అధికారులకూ తెలుసు. డిసెంబరులో వారు ఒకసారి కూర్చుని, ఏ కల్లాల దగ్గర నాలుగు నెలలపాటు ఒక షెడ్డు, ఒక ఆయా, గోర్‌బోలి వచ్చిన ఒక కార్యకర్త, ఒక పెట్టెడు ఆటవస్తువులు ఉండాలో రాసుకోవడానికి కొత్త చట్టం అక్కరలేదు.